రఘుపతి పడవ, మహబూబ్ అతుకు

ఫస్టు షిఫ్టు సైరన్ మోగగానే రఘుపతి లేస్తాడు. రిటైరైన మనిషికి సైరన్‌తో ఏం పని? అట్లా అడిగేవాళ్లు ఇంట్లో లేరు. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. లేచి, మంచం మీంచి కాలు కింద పెట్టేముందు ఒకసారి వంగి చూసుకుంటాడు, తొక్కుతానేమోనని. మంచం కింద నీళ్లు ఇంకా పడుకునే ఉంటాయి. అతను చెప్పులు వేసుకున్న చప్పుడుకు అవి జలదరించి, ఒళ్లు విరుచుకుని, వెనకాలే బయల్దేరతాయి.

ఆ నీళ్లు బాయివి. రఘుపతి బొగ్గు బాయిలో పంపు ఆపరేటర్‌గా చేశాడు. ఉద్యోగమంతా భూమి కింద ఊరే నీళ్లను తోడి పైన పారబోయడమే. బొగ్గు అయిపోయి ఆ బాయి మూసేసిన రోజు అందరూ దండలు వేయించుకుని, ఫొటో దిగి, మిక్చర్ పొట్లాలు పట్టుకుని ఇళ్లకు పోయారు. రఘుపతీ పోయాడు. క్వార్టర్ తాళం తీస్తూ వెనక్కి చూస్తే, గడప ముందు ఒక గంగాళమంత నీళ్లు నిలబడి ఉన్నాయి. బొగ్గు కలిసిన నల్లటి నీళ్లు. రమ్మనలేదు, పొమ్మనలేదు. తలుపు మాత్రం తెరిచే ఉంచాడు.

అప్పటినుంచి రఘుపతి ఎటు పోతే నీళ్లు అటు. అతను చాయ్ హోటల్ బల్ల మీద కూర్చుంటే అవి బల్ల కింద మడుగు కట్టుకుంటాయి. ఆదివారం అంగట్లో టమాటల దగ్గర అతను బేరమాడుతుంటే అవి పక్కన ఓపిగ్గా నిలబడతాయి. "రఘుపతి నీళ్లొస్తున్నయ్, జరుగుండ్రి" అని జనం పక్కకు జరుగుతారు, అంతే. వానాకాలంలో అవి కొంచెం ఒళ్లు చేస్తాయి. మోరీ నీళ్లతో కలిసి తిరిగినా పొద్దుగూకేసరికి నల్లగా, విడిగా ఇంటికి వచ్చేస్తాయి. ఎండాకాలంలో చిక్కిపోయి, బాత్రూమ్ మూలకు చేరి, పిలిచినా పలకవు. అప్పుడు రఘుపతి తడిగుడ్డ కప్పి పక్కనే పీట వేసుకుని కూర్చుంటాడు.

కష్టమల్లా ఒకటే. నీళ్లు దిగగలవు గానీ ఎక్కలేవు. మెట్లెక్కలేవు, బస్సెక్కలేవు. ఆటోవాళ్లు సీటు తడుస్తుందని ఎక్కనివ్వరు. అందుకని రఘుపతి పెద్దపల్లిలో మేనకోడలి పెళ్లికి పోలేదు, కాసిపేటలో పాత దోస్తు చావుకూ పోలేదు. పిలిచి పిలిచి చుట్టాలు మానేశారు. నడిచిపోగలిగినంత దూరమే అతనికి ప్రపంచం. ఆ ప్రపంచంలో అతనితో రోజూ మాట్లాడేది పక్క క్వార్టర్ సారవ్వ ఒక్కతే. అదీ మాట్లాడటం కాదు, ఎక్కిరించడం.

"ఏం మరిదీ, మీ ఇంటామె ఇయ్యాల బయటికి రాలే?" అంటుంది, నీళ్లను ఉద్దేశించి.

రఘుపతి మూతి ముడుచుకుని లోపలికి పోతాడు. లోపలికి పోయాక కొంచెం నవ్వుకుంటాడు.

ఇట్లా జరిగిపోతుంటే, వచ్చే దసరా కాగానే క్వార్టర్ అప్పగించాలన్న కబురు వచ్చింది. రిటైరైన వాళ్లందరికీ వచ్చేదే, అతనికి కొంచెం ఆలస్యంగా వచ్చింది. కిరాయి ఇంటికోసం ఊరంతా తిరిగాడు. కింది అంతస్తులన్నీ షట్టర్లు వేసి దుకాణాలకు ఇచ్చేశారు. దొరికింది మూడో అంతస్తులో ఒక గది. ఇంటి ఓనరమ్మ మంచిదే. "కుక్కను తెచ్చుకో, కోడిని తెచ్చుకో, నేను కాదన. నీళ్లు మాత్రం వద్దు కాకా. బకెట్ల తెచ్చినా సరే, స్లాబుకు చెమ్మ పడ్తది" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే బాధ.

"గంగ ఉండగ ఫికరెందుకు? గంగల విడిచిరా. వాళ్లోళ్లల్ల వాళ్లు ఉంటరు" అంది సారవ్వ. ఈసారి ఎక్కిరించలేదు.

గంగంటే ఆ ఊరికి గోదావరే. ఆమె చెప్పినట్టే ఒకనాడు గోదావరి మెట్ల దగ్గరికి నడిచాడు. నీళ్లు సంతోషంగా మెట్లు దిగి గోదావరిలోకి జారాయి. రఘుపతి వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. రోడ్డు మీదికి వచ్చేసరికి వెనకాల తడి చప్పుడు. నిండు గోదావరి ఒడ్డు దాకా ఎత్తుకొచ్చి మెట్ల పైన దింపినట్టుంది, పాదాల దగ్గర నల్లటి నీళ్లు దులుపుకుంటూ నిలబడ్డాయి. గోదావరికీ అక్కర్లేదన్నమాట.

అక్కడ చేపలు పట్టే కొమురెల్లి అంతా చూసి ఒక సలహా ఇచ్చాడు. ఒడ్డున విడిస్తే వాసన పట్టి వస్తాయట. నడుమ గంగలో విడిచి, తెడ్డేసుకుంటూ వచ్చేస్తే, మనిషి ఏ ఒడ్డుకు పోయాడో నీళ్లకు తెలియదట. తన దగ్గర ఉన్నది థర్మకోల్ తెప్ప. దాని మీద చేప నిలుస్తుంది గానీ నీళ్లు నిలవవు. "ఎత్తు అంచుల పడవ గావాలె కాకా. నీ కొలతకు చేయించుకోవాలె."

అట్లా రఘుపతి మహబూబ్ వెల్డింగ్ షాపు మెట్లెక్కాడు. నీళ్లు కింద ఆగాయి.

మహబూబ్ గేట్లు చేస్తాడు. ఊర్లో సగం ఇళ్లకు అతని గేట్లే. ఏ గేటూ ఒక్క తోపుకు మూసుకోదు, కింద కాలితో తన్ని పైన భుజంతో నెట్టాలి. అయినా మనిషి మాట తియ్యన కాబట్టి జనం మళ్లీ అతని దగ్గరికే పోతారు. పడవ అనగానే అతని మొహం వెలిగింది.

"అరె అన్నా, గిదేం బడీ బాత్. తొట్టి చేస్తలేనా? ట్రాలీ చేస్తలేనా? పడవంటే ఏంది, నడిచే తొట్టి. ఫికర్ మత్ కరో."

రఘుపతి ఫికర్ చెయ్యలేదు. చేయాల్సింది. వారానికోసారి పోయి అడిగితే రాడ్లు రాలేదనేవాడు, కరెంటు లేదనేవాడు, బామ్మర్ది పెళ్లనేవాడు. చివరికి రేకులన్నీ ఒక ఆకారానికి వచ్చిన రోజు కబురు పెట్టాడు. రఘుపతి పోయి దాని చుట్టూ తిరిగి చూశాడు.

పడవ ఒక పక్కకు ఒరిగి, ఎవరో చెప్పే ముచ్చటను చెవి ఒగ్గి వింటున్నట్టుంది. చెయ్యి అలవాటు చొప్పున రెండు పక్కలా సూర్యకిరణాల డిజైన్ వేశాడు. ముందు భాగాన ఒక గేటు గడియ కూడా ఉంది.

"ఇదెందుకు?"

"ఉండనియ్యి అన్నా, షోకుంటది" అన్నాడు మహబూబ్.

గడియ సంగతి పోనీ. అసలు సంగతి అడుగున ఉంది. రెండు రేకులు కలిసే చోట అతుకు పొడుగునా నిండలేదు. ఇక్కడో బొట్టు, అక్కడో బొట్టు కాల్చి, నడుమ వదిలేశాడు. గేటుకైతే అట్లాగే చేస్తారు, గేటులోంచి గాలి పోతే తప్పేముంది? రఘుపతి తన ఇంటి తాళంచెవి తీసి అతుకు సందులో పెడితే అవతలి పక్కకు వచ్చింది. ఆ తాళంచెవిని మహబూబ్ కళ్ల ముందు ఇటూ అటూ ఆడించాడు.

"లప్పం పెడ్త కదా" అన్నాడు మహబూబ్, నొచ్చుకుని.

సందులు పూడేట్టు లప్పం పెట్టాడు. అది ఆరకముందే గేట్లకు మిగిలిన నీలం రంగు పూశాడు. ఇక పరీక్ష. ఆ ఊళ్లో ఏ తొట్టి చేసినా, ఏ డ్రమ్ము చేసినా పరీక్ష ఒకటే. నిండా నీళ్లు నింపి, కింద పొడి నేల తడుస్తుందేమో చూడటం. పడవను ఇటుకల మీదికి ఎత్తారు. పైపు పెట్టి నల్లా తిప్పితే గాలి తప్ప ఏం రాలేదు. ఆ రోజు నల్లా రాని రోజు.

"నీ నీళ్లున్నయ్ కదా అన్నా" అన్నాడు మహబూబ్.

పంపు దగ్గర పెరిగిన నీళ్లు కదా, పైపంటే వాటికి భయం లేదు. రఘుపతి మోటారు పెట్టి పైపు కొన చూపించగానే బుద్ధిగా ఎక్కి పడవలోకి దిగాయి. రఘుపతి పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నేల వంక అందరూ చూశారు. చాయ్ తాగి మళ్లీ చూశారు. ఒక్క చుక్క కారలేదు. సన్నగా చెమ్మ కూడా లేదు. మహబూబ్ చేతులు తుడుచుకుంటూ బజారంతా వినేట్టు, "బోలో అన్నా, ఎవలు చేసిన్రు?" అన్నాడు. రఘుపతికే అనుమానించినందుకు సిగ్గేసింది. చాయ్ డబ్బులు తనే ఇచ్చాడు.

ట్రాక్టర్ మీద పడవను గోదావరికి తీసుకుపోయారు. తెడ్డు తెలిసినవాడు కాబట్టి ముందు కొమురెల్లి ఒక్కడే దాన్ని నీళ్లలోకి తోశాడు. కాసేపటికి ఒడ్డున ఉన్నవాళ్లకు కొమురెల్లి పొట్టివాడవుతున్నట్టు కనిపించింది. పడవ మునుగుతోంది. అతను తిట్టుకుంటూ మోకాళ్ల లోతు ఎర్రనీళ్లలో నిలబడి దాన్ని ఒడ్డుకు లాక్కొచ్చాడు.

రఘుపతి మళ్లీ షాపుకు పోయాడు. మహబూబ్ ఒప్పుకోలేదు. అతని వాదన అతనికి ఉంది.

"నీ కండ్ల ముంగట నింపిన. లోపలి నీళ్లు బయటికి పోలేదు. గట్లాంటప్పుడు బయటి నీళ్లు లోపలికెట్ల వస్తయి? నువ్వే చెప్పు అన్నా. ఖుదా కసం, గిది గోదారి తప్పు."

రఘుపతి ఆలోచించి చూశాడు. లెక్క ప్రకారం మహబూబ్ చెప్పిందే నిజంలా ఉంది. ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని సారవ్వకు చెప్పాడు. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది. విని, నవ్వడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది.

"మరిదీ, పరీక్షప్పుడు నువ్వు ఎక్కడ కూసున్నవ్?"

"పడవ పక్కన్నే, స్టూలేసుకుని."

"మరి గా నీళ్లు నిన్నిడిచి యాడికి పోతయ్?"

రఘుపతి మెట్టు కింద చూశాడు. నీళ్లు అతని చెప్పు అంచును ఆనుకుని, ఎండలో కునుకు తీస్తున్నాయి. తాళంచెవి పట్టేంత సందు. అంత సందు ఉండి కూడా, తలుపు బార్లా తెరిచిపెట్టినట్టు ఉండి కూడా, ఒక్క చుక్క పోలేదు. అతని దగ్గర్నుంచి పోవడానికి ఇంతకు ముందు ఎవరికీ అంత పెద్ద దారి కూడా అవసరం పడలేదు.

అది తెలిశాక పడవ చేయించడమే మానేస్తాడనుకుంటారు ఎవరైనా. కానీ దసరా ఆగదు, మూడో అంతస్తు కిందికి దిగదు. సారవ్వ స్వయంగా షాపుకు పోయి మహబూబ్‌కు విషయం చెప్పింది. మహబూబ్ చెవులు పట్టుకున్నాడు. అతుకంతా మళ్లీ పొడుగునా కాలుస్తానని మాటిచ్చాడు. మాట ఇచ్చినప్పుడు అతనికి నిజంగానే ఆ ఉద్దేశం ఉంది. కానీ పండగ ముందర అందరికీ గేట్లు గుర్తొస్తాయి. చివరికి ఒక పొద్దున ఒడ్డుకు వచ్చి, ఈసారి కొంచెం మందంగా లప్పం పెట్టి, కొంచెం మందంగా రంగు పూసి పోయాడు.

ఈలోగా రఘుపతి కొమురెల్లి తెప్ప మీద తెడ్డెయ్యడం నేర్చుకున్నాడు. ఈత మాత్రం నేర్చుకోలేదు. జీవితమంతా నీళ్లతో గడిపి ఈత రాదంటే కొమురెల్లి నమ్మలేదు. "బాయిల ఈదుడు ఉండదు, తోడుడే" అన్నాడు రఘుపతి.

పండగ అయిపోయింది. ఒక పొద్దున్నే నీళ్లను వెంటబెట్టుకుని మెట్లు దిగాడు. చివరి మెట్టుకు పడవ అంచు ఆనించి ఉంది. నీళ్లు ఎప్పటిలాగే అతని వెనకాలే పడవలోకి దిగి, కాళ్ల చుట్టూ సర్దుకున్నాయి. కొమురెల్లి దూరంగా వల వేసుకుంటున్నాడు. రఘుపతి తెడ్డేస్తూ పోయాడు. నీళ్లకు ఈ సవారీ నచ్చినట్టుంది, పడవ ఊగినప్పుడల్లా అతని పిక్కల దాకా ఎగిరి పడుతున్నాయి. పాపం, ఎప్పుడూ ఏదీ ఎక్కనివి.

నడుమ గంగకు వచ్చాక తెడ్డు ఒళ్లో పెట్టుకున్నాడు. ఒడ్డున కొబ్బరికాయ కొట్టుకునేవాళ్లు అగ్గిపుల్లల్లా కనిపిస్తున్నారు. చెప్పాల్సిన మాటలు దారిపొడుగునా కూడబలుక్కున్నాడు గానీ, తీరా సమయానికి కొన్నే మిగిలాయి.

"గంగల కలిసిపో. ఆడ మస్తుమంది ఉంటరు. నా తాన ఏమున్నది? నేను మీదికి పోతున్న. నువ్వు మెట్లెక్కలేవు."

అని వెంట తెచ్చుకున్న చెంబు ముంచాడు. నల్లటి నీళ్లు నిండుగా, నమ్మకంగా చెంబులోకి వచ్చాయి. చెంబు పడవ అంచు దాకా లేచింది. ఉద్యోగమంతా నీళ్లను తోడి బయట పోసిన చెయ్యి. ఆ ఒక్క చెంబు వంచలేక ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే మహబూబ్ లప్పం ఊడింది.

పెద్ద చప్పుడేం కాలేదు. నీలం రంగు ముక్క ఒకటి తేలింది. ఆ వెనకే అతుకు పొడుగునా గోదావరి లోపలికి వచ్చింది, ఎర్రగా, చల్లగా, ఎవరినీ అడగకుండా. మడమలు మునిగాయి. పడవ ఇంకా కొంచెం చెవి ఒగ్గింది. రఘుపతి కొమురెల్లిని పిలిచాడు. అంత దూరం వినపడలేదు. అతనికి చిత్రంగా భయం కన్నా ముందు ఒక ఆలోచన వచ్చింది, వీటికి దారి దొరికింది కదా అని. చేతిలో చెంబును పడవలోనే వంచి, "పో, గదే తొవ్వ" అన్నాడు.

నల్లటి నీళ్లు కదిలాయి. అతని కాళ్లను వదిలి, ఎర్రనీళ్ల కింద నుంచి పాయలా సాగి, అతుకు దగ్గరికి పోయాయి. రఘుపతి కళ్లు మూసుకున్నాడు. పోయేవాళ్లను చూడటం అతనికి చేతకాదు.

కళ్లు తెరిచేసరికి పడవ మునిగినంత మేర మునిగి ఆగి ఉంది. గోదావరి లోపలికి రావడం లేదు. అతుకు పొడుగునా, తాళంచెవి పట్టేంత ఆ సందులో, నల్లటి నీళ్లు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని, భుజాలు కలిపినట్టు నిలబడ్డాయి. బయట నదంతా తోస్తోంది. అవి వణుకుతున్నాయి గానీ జరగడం లేదు.

రఘుపతి చెంబు తీసుకున్నాడు. చెయ్యికి మళ్లీ పని తెలిసింది. ఎర్రనీళ్లను, ఎర్రనీళ్లను మాత్రమే, తోడి తోడి బయట పోశాడు. ఆ తర్వాత తెడ్డు పట్టుకుని ఒడ్డుకు వచ్చాడు. దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఏం మాట్లాడాడో కొమురెల్లికి వినపడలేదు, పెదవులు కదలడం ఒకటే కనిపించింది.

మెట్టు మీద దిగి, ఎదురుచూశాడు. నీళ్లు దిగలేదు. వంగి చూస్తే, అవి సందు వదలలేదు. వదిలితే పడవ మునుగుతుందని వాటికి తెలుసు. ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వచ్చి, వెనక్కి తిరిగితే మెట్లన్నీ పొడిగా ఉన్నాయి. ఇన్నేళ్లలో మొదటిసారి అతని వెనకాల ఏమీ లేదు. ఇప్పుడిక ఏ బస్సయినా ఎక్కొచ్చు, మూడో అంతస్తయినా ఎక్కొచ్చు. పైమెట్టు మీద కూలబడి, మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు.

సాయంత్రం క్వార్టర్ తాళంచెవి అప్పగించాడు. మూడో అంతస్తు ఇంటామెకు గది వద్దని కబురు పంపాడు. ఒడ్డున కొమురెల్లి వలలు పెట్టుకునే రేకుల షెడ్డు ఒకటి ఉంది. అందులో మంచం వేసుకున్నాడు. అస్థికలు నడుమ గంగలో కలుపుతామని వచ్చేవాళ్లను కొమురెల్లి అతని దగ్గరికి పంపుతున్నాడు. ముంత ఒళ్లో పెట్టుకుని ఒక్కరే వచ్చేవాళ్లు ఎక్కువ. రఘుపతి తెడ్డేసి వాళ్లను నడుమ గంగకు తీసుకుపోతాడు. వాళ్లు పడవ అడుగున ఆ మెరిసే నల్లగీత ఏంటని అడగరు.

కార్తీకంలో మహబూబ్ వచ్చాడు. ఊరంతా తన గురించి ఏమనుకుంటోందో అతని చెవిన పడ్డట్టుంది. అద్దెకు తెచ్చిన జనరేటర్, కొత్త రాడ్లు, మొహాన నిజమైన సిగ్గు.

"అన్నా, తప్పయింది. పడవ ఒడ్డుకు గుంజు. ఇయ్యాల అతుకంతా నిండ కాలుస్త. లప్పం లేదు, ఏం లేదు. నా చేతిల ఇంత మంచి పని ఎన్నడు జూసుండవ్."

రఘుపతి పడవలో మోకాళ్ల మీద కూర్చుని, అతుకు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"దీన్ని ముట్టకు మహబూబ్."

"అట్ల గాదన్నా, పని ఖరాబయింది..."

"ఖరాబయితే అయింది. అంత సందు లేకుంటే ఇది యాడుంటది?"

మహబూబ్ రాడ్డు కింద పెట్టి, వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తన పని గురించి అంత మెల్లగా మాట్లాడినవాళ్లు అతనికి ఇంతకు ముందు తగల్లేదు. జనరేటర్ తెచ్చినందుకు ఏదో ఒకటి చేయాలి కాబట్టి ముందున్న గడియకు నూనె వేశాడు. అప్పటికి పొద్దు వాలింది. రఘుపతి పడవ దిగి, షెడ్డు వైపు ఒడ్డు వెంట నడిచాడు.

"అన్నా, తాడు కట్టలే" అని వెనక నుంచి అన్నాడు మహబూబ్. "కొట్టుకపోతది."

రఘుపతి ఆగలేదు, వెనక్కి చూడలేదు. ఒక పక్కకు ఒరిగిన ఆ నీలం పడవ, తెడ్డు లేకుండా, మనిషి లేకుండా, ఏటికి ఎదురు తిరిగి, ఒడ్డు వెంట అతని అడుగులకు అడుగులు కలుపుతూ మెల్లగా వెనకాలే పోయింది.